ఎనిమిదిన్నర వాటాల పట్టిక

ఆగస్టు పన్నెండవ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు, కళాశాల స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా నాకు భయం మొదలైంది. అంతకు ముందురోజు సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు నా పరిశోధన వ్యాసాన్ని ఒక సామాజిక శాస్త్ర పత్రికకు పంపాను. ఆ రెండింటికీ మధ్య గడిచిన ఇరవై గంటల ముప్పై నిమిషాలూ నిశ్చింతగా ఉన్నాను. ఆ వ్యాసం విషయంలో నాకు దక్కిన నిశ్చింత మొత్తం అంతే.

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రం బోధిస్తాను. నా ఎదుటి బల్ల కామర్స్ అధ్యాపకుడిది. అతను నాకన్నా ఏడేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు, ఇందుకూరుపేట వైపు మనిషి. వ్యాసం పంపే ముందు అందులోని ఒక్క పట్టికను అతని ముందు పెట్టి కూడికలు సరిచూడమన్నాను. కూడికలు నాకు రాక కాదు. నేను వేసిన లెక్కను ఇంకొకరు చూడనిదే బయటికి పంపకూడదన్నది నా నియమం. ఆ పట్టికలో ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు, బోటు నంబరు లేదు. ఒక ఫైబర్ బోటు తెచ్చిన చేపను ఎన్ని వాటాలుగా పంచుకుంటారో మాత్రమే ఉంది. వేటకు పోయే ఐదుగురికి ఐదు, బోటుకూ ఇంజనుకూ వలకూ కలిపి మూడు, ఇంకొక అర. మొత్తం ఎనిమిదిన్నర.

ఆ మధ్యాహ్నం అతను పెరుగన్నంలోకి మాగాయ నంజుకుంటూ తలెత్తాడు.

"పంపించేసినావా అక్కా?"

"నిన్ననే పంపాను."

"మంచిపని చేసినావు. మరి ఆ అర వాటా ఆమెకు ఇంకా ఇస్తానే ఉండారా?"

"ఎవరికి?"

"ఆమెకే అక్కా. మొగుడు సముద్రంలో పోయినాక కూడా బోటాయన ఆపకుండా ఇస్తుండాడే, ఆ పెద్దామెకు. యాడైనా ఎనిమిదే గదా. ఎనిమిదిన్నర వాటాల బోటు మన ఒడ్డున ఇంకొకటి యాడుండాది? మా బావమరిది ఐసు దించేది ఆ రేవుకే."

మూత నా చేతిలోనే ఉండిపోయింది. దానిని డబ్బా పక్కన పెట్టి, ఎవరికైనా ఈ సంగతి చెప్పావా అని అడిగాను.

"మా బావమరిదికి చెప్పినా. మీ రేవు లెక్క ఇంగ్లీషు జర్నల్లో పడబోతాంది రా అని. వాడికీ సంబరమే. ఏందక్కా, కూడిక తప్పిందా?"

"లేదు. కూడిక సరిగానే ఉంది."

ఇక ఎవరికీ చెప్పవద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చెప్పవద్దంటే, చెప్పకూడనిది ఏదో ఉందని చెప్పినట్టే. నేను అన్నం కలుపుకున్నాను. ఏ కూరో గుర్తు లేదు. ఆ రోజు డైరీలో కూర పేరు రాయలేదు. అది నాకు అలవాటు లేని లోపం.

ఆ అర వాటా సంగతి చెప్పాలి. ఆ పల్లెలో, వేటకు పోయిన మనిషి తిరిగి రాకపోతే, అతను ఏ బోటు మీద పోయాడో ఆ బోటు అతని భార్యకు సంవత్సరీకం దాకా అర వాటా ఇస్తుంది. సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక బోటు యజమాని ఆమెకు ఒక చీర పెడతాడు. ఆ చీరతో వాటా ఆగిపోతుంది. ఈమెకు చీర పెట్టారు గానీ వాటా ఆపలేదు. ఆరవ ఏడు నడుస్తోంది. ఎందుకు ఆపలేదని యజమానిని అడిగాను. "ఆపమని ఎవురూ చెప్పలా" అన్నాడు. ఆ మాటను అప్పట్లో నేను ఔదార్యం కింద రాసుకున్నాను. ఆగస్టు పన్నెండు తర్వాత దానిని మళ్ళీ చదివినప్పుడు వేరే అర్థం కనిపించింది. ఎవరైనా చెబితే ఆపుతాడు.

నా వ్యాసం దయ గురించి కాదు, కట్టుబాటు గురించి. పల్లె పెద్దలు కూర్చుని అందరి మీదా విధించే కట్టుబాటును అక్కడ దురాయి అంటారు. ఒక ఏడాది, తూకంలోనూ ధరలోనూ మోసం చేస్తున్నాడని ఒక వ్యాపారికి ఎవరూ చేప అమ్మరాదని దురాయి వేశారు. చేపంతా పల్లె తరఫున కుదుర్చుకున్న వ్యానులో నెల్లూరుకు పోవాలి. వ్యానులో చోటు బుట్టల లెక్కన ఇచ్చారు, వాటాకు ఒక బుట్ట. ఈమెది అర వాటా కాబట్టి అర బుట్ట. అర బుట్టకు చోటు లెక్కలోకి రాలేదు. పక్కవారి బుట్టలో కలుపుకోమంటే, ఎవరి చేప ఎవరిదో తెలియదని వారు ఒప్పుకోలేదు. మూడు విడతలు చేప చెడిపోయాక, ఆమె తెల్లవారకముందే బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా నడిచి ఆ వ్యాపారి మనిషికే అమ్మింది. దురాయి ఎత్తేసేదాకా అలాగే అమ్మింది. పల్లెలో ఎవరికీ తెలియదు. నాకు చెప్పింది.

చెబుతూ ఒక మాట అన్నది. "కూచున్నప్పుడు నన్ను పిలిచినారా మేడమ్? పిలవని దానికి నేనెట్టా కట్టుబడేది?"

పెద్దల కూటంలో ఆడవారు కూర్చోరు. ఆమె తరఫున కూర్చునే మగవాడు లేడు. నిర్ణయం చేసేటప్పుడు లెక్కలో లేని మనిషికి, తప్పినప్పుడు వేసే జరిమానా మాత్రం పూర్తి జరిమానాయే. దానితో పాటు ఇంటికి మాటా మంచీ ఉండవు, బోటు వాటా ఉండదు. నా వ్యాసం ఆమె అన్న ఆ రెండు వాక్యాల మీద నిలబడింది. ఆ వాక్యాలకు ఆధారం ఆ అర వాటా. అర వాటా లేకపోతే ఆమె మాట కట్టుబాటు తప్పిన మనిషి చెప్పుకునే సాకులా కనిపిస్తుంది. అందుకే పట్టిక పెట్టాను. పట్టిక నాలుగవ పుటలో ఉంది, ఆమె మాట ఆరవ పుటలో ఉంది.

పేరు రాయనని, ఊరు రాయనని ఆమెకు మాట ఇచ్చాను. రాయలేదు. పత్రిక అడిగిన పత్రంలో, సమాచారం ఇచ్చినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా జాగ్రత్త తీసుకున్నారా అన్న ప్రశ్న ఉంది. అవునని గుర్తు పెట్టాను. ఆ పత్రిక నియమం ప్రకారం వ్యాసకర్త ఎవరో సమీక్షకులకు కూడా తెలియకూడదు. దానికోసం నా పేరు, కళాశాల పేరు, నా పాత వ్యాసాల ప్రస్తావన, కృతజ్ఞతల పేరా, చివరికి ఫైలు లోపల కంప్యూటరు తనంతట తాను రాసిపెట్టుకునే పేరును కూడా వెతికి తుడిచాను. నన్ను నేను తుడుచుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆమెను తుడవడానికి రెండు నిమిషాలు పట్టింది. పేరు ఉన్నచోట ఒక అక్షరం పెట్టాను, అంతే. పేరు లేకుండా కూడా మనిషి కనబడగలదని సమాజశాస్త్రం చెప్పే నాకు తోచలేదు. కూడిక సరిపోవాలన్న పట్టుదలలో అరను అరగానే ఉంచాను.

స్టాఫ్ రూములో ఆ మధ్యాహ్నం వేసుకున్న లెక్క ఇది. కామర్స్ అధ్యాపకుడు పట్టిక తప్ప వ్యాసం చదవలేదు. అతనికి మనిషి తెలుసు, ఆ మనిషి చేసిన పని తెలియదు. పత్రికవారికి చేసిన పని తెలుసు, మనిషి తెలియదు. వ్యాసం అచ్చయిన రోజున ఆ రెండూ రెండు పుటల దూరంలో ఉంటాయి. ఇంగ్లీషు పత్రికను పల్లెలో ఎవరు చదువుతారులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకోబోయాను. పల్లెలో చదవనక్కరలేదు. నా ఎదుటి బల్ల దగ్గర చదివితే చాలు. అతను తప్పక చదువుతాడు. తన కూడిక ఉన్న వ్యాసం కదా.

రెండు గంటలకు తరగతి ముగించుకుని పత్రిక పోర్టల్ తెరిచాను. నా వ్యాసం ఎదురుగా 'సంపాదకుల పరిశీలనలో' అని ఉంది. వెనక్కి తీసుకునే బటన్ ఎక్కడా లేదు. పంపే బటన్ మాత్రం పచ్చగా, పెద్దగా ఉంటుంది. నాలుగవ పుటలోని పట్టికను మార్చే వీలు ఇవ్వమని సంపాదకులకు మెయిల్ రాశాను. కారణం రాయలేదు. ఎలా రాసినా, ఆ పట్టికలో ఒక మనిషి దాగి ఉందని చెప్పినట్టే అవుతోంది.

ఆగస్టు పదహారు, శనివారం, ఉదయం మైపాడు బస్సు ఎక్కి దారిలో ఒకచోట దిగి ఆటో మాట్లాడుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమెతో ఏ క్రమంలో చెప్పాలో వేళ్ళు మడిచి చూసుకుంటూ పోయాను. మూడు విషయాలు: ఏం జరిగింది, ఎంత ప్రమాదం, నేను ఏం చేయగలను. మూడవ వేలి దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయేదాన్ని.

ఆమె ఇంటి ముందు పరదా పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేవలేదు. అంతకు ముందు ఎప్పుడు వెళ్ళినా లేచి, పీట తెచ్చి, దాని మీద దుమ్ము తుడిచేది.

"రా మేడమ్. నువ్వే వస్తావనుకుంటా ఉండా."

"ఎందుకక్కా, ఏమైనా జరిగిందా?"

"బోటాయన అడిగినాడు."

"ఏమని?"

"మీ మేడమ్ మన లెక్క ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కించిందంట గదా, ఇంకా ఏమేం చెప్పినావు ఆమెకి, అని."

కామర్స్ అధ్యాపకుడి నోటి నుంచి ఐసు బండి మీదుగా బోటు దగ్గరికి ఆ మాట చేరడానికి నాలుగు రోజులు కూడా పట్టలేదు. పరదా అంచున కూర్చున్నాను.

"నువ్వేమన్నావు?"

"నీ పుణ్యాన తింటుండానని చెప్పినా, అంతే, అని అన్నా. నవ్వినాడు."

"నవ్వాడంటే మంచిదేగా?"

"ఆయన కోపంగా ఉంటే తిడతాడు మేడమ్. ఏదైనా మనసులో పెట్టుకుంటే నవ్వుతాడు."

పక్కింటామె బిందెతో పోతూ ఆగింది. నన్నూ, పరదా మీద చెల్లాచెదురుగా ఉన్న చేపనూ చూసింది.

"ఏమ్మే, మీ మేడమ్ మళ్ళీ వచ్చింది. నీకేమన్నా సినిమాలో వేషం ఇప్పిస్తాందా?"

"ఇప్పిస్తే నిన్నే చెలికత్తెగా పెట్టుకుంటాలే, పో."

"చెలికత్తెకి నీళ్ళు మొయ్యడమే గదా పని. ఇప్పుడు మోస్తుండేది అదే" అంటూ ఆమె వెళ్ళిపోయింది. పక్కింటామె మూల తిరిగేదాకా చూశాను. ఈమె చెయ్యి మాత్రం ఆగకుండా చేపను పలచగా సర్దుతూ ఉంది.

అప్పుడు చెప్పాను. అర వాటా సంగతి రాశానని, ఎనిమిదిన్నర అన్న సంఖ్యతోనే ఒకాయన గుర్తుపట్టాడని, అమ్మిన సంగతి కూడా అదే వ్యాసంలో ఉందని. ఆమె చేతికంటిన పొలుసు దులుపుకుంది. తర్వాత, "నా మాట ఏమని రాసినావో చెప్పు, మన మాటల్లో చెప్పు" అంది.

ఫోనులో వ్యాసం తెరిచి, ఆరవ పుటలోని ఇంగ్లీషు వాక్యాలను తెలుగులో చదివాను. "సమావేశానికి నన్ను పిలవలేదు. పిలవని నిర్ణయానికి నేను ఎలా కట్టుబడాలి?" ఎంత గ్రాంథికంగా చదివినా లాభం లేకపోయింది.

"ఇది నేనే గదా మేడమ్."

"పేరు లేదక్కా."

"పేరెందుకు? ఇప్పుడు పోయిందే బిందె పెట్టుకోని, ఆమె చెవిలో ఈ రెండు మాటలు వెయ్యి. ఎవురివో అదే చెప్తాది. పిలిచినారా, పిలిచినారా అని నేను రోజుకి పదిసార్లు అంటా ఉంటా. పెళ్ళికి పిలవకపోయినా అంటా, పేరంటానికి పిలవకపోయినా అంటా."

నేను దాచగలనని అనుకున్న ఆఖరి చోటు కూడా పోయింది. సంఖ్య తీసేసి మాట ఉంచవచ్చునని బస్సులో అనుకుంటూ వచ్చాను. మూడవ వేలికి దొరికిన జవాబు అదొక్కటే.

"ఆపేస్తాడక్కా? వాటా?" అని అడిగాను.

"ఆయన ఆపేదేముండాది. పెద్దోళ్ళు ఆయన్ని అడుగుతారు, దురాయి తప్పినదానికి నువ్వెట్టా ఇస్తుండావని. ఆయన బోటు రేపు నీళ్ళలో దిగాలా వద్దా? నాకోసం ఆయనెందుకు నిలబడతాడు? ఆయన నాకేమన్నా తోడబుట్టినోడా?" మళ్ళీ తనే, "చెప్పినప్పుడు నువ్వు బాగా వింటుండావని చెప్పినా మేడమ్. రాసుకుంటుండావని చూళ్ళేదు" అంది.

రాసుకుంటున్నానని ఆమెకు తెలుసు. నా చేతిలో పెన్ను ఉంది, ఆమె అనుమతి అడిగిన తేదీ నా దగ్గర ఉంది. అవేవీ అక్కడ చెప్పలేదు. తీసేస్తాను అన్నాను. రెండూనా అంది. రెండూ అన్నాను. నెత్తళ్ళు పొట్లం కట్టి ఇవ్వబోయి, మళ్ళీ ఏమనుకుందో పొట్లాన్ని పక్కన పెట్టేసింది.

ఆగస్టు పంతొమ్మిదిన సంపాదకుల జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. వ్యాసం ఇప్పటికే ఇద్దరు సమీక్షకులకు చేరిందనీ, వారి అభిప్రాయాలు వచ్చాక సవరణలో పట్టిక మార్చుకోవచ్చుననీ, పూర్తిగా ఉపసంహరించుకోదలిస్తే వెంటనే రాయవచ్చుననీ సారాంశం. ఆ చివరి వాక్యాన్ని నేను ఆ రోజే వాడుకుని ఉండవచ్చు. వాడుకోలేదు. సవరణ అన్న మాటను పట్టుకున్నాను. మూడేళ్ళ పనిని ఒక్క మెయిలుతో చెరపడానికి చెయ్యి రాలేదు. పదోన్నతి దరఖాస్తులో ప్రచురణల గడి ఒకటి ఖాళీగా ఉంది. ఆ గడి కూడా నా చేతిని పట్టుకుందని ఒప్పుకోవాలి.

సెప్టెంబరు నెలంతా పోర్టల్‌లో 'సమీక్షలో ఉంది' అన్న మాట మారలేదు. దినమూ ఉదయం కాఫీకి ముందు ఒకసారి, కళాశాల నుంచి వచ్చాక ఒకసారి చూసేదాన్ని. మారకపోతే భయం, మారితే ఏమవుతుందోనని భయం. ఎదుటి బల్ల నుంచి అతను వారానికొకసారి అడిగేవాడు. "ఏమైందక్కా మన పేపరు?" మన అనేవాడు. అతను ఇంటికి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడితే, అటువైపు బావమరిది ఉన్నాడేమోనని చెవి అటే పోయేది. ఒకరోజు "రేవు" అన్న మాట వినబడి, దిద్దుతున్న జవాబు పత్రంలో ఒకే ప్రశ్నకు రెండుసార్లు మార్కులు వేశాను. తర్వాత తెలిసింది, వాళ్ళు మాట్లాడుకున్నది కృష్ణపట్నం వైపు అద్దెకు దొరికే ఒక ఇంటి గురించి.

అక్టోబరు తొమ్మిది, గురువారం, ఉదయం పదిన్నరకు సమీక్షలు వచ్చాయి. మొదటి సమీక్షకుడు వ్యాసం పర్వాలేదన్నాడు. రెండవ సమీక్షకుడు మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో నా పనిని అంతగా మెచ్చుకున్నవారు లేరు. నాలుగవ పుటలోని పట్టికే ఈ వ్యాసానికి ప్రాణమని రాశాడు. దానిని ఇంకా విస్తరించమన్నాడు. ఆ బోటు పొడవెంత, ఆ రేవులో మొత్తం బోట్లెన్ని, పల్లె నది మొగకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉంది, అర వాటా పొందుతున్న స్త్రీ వయసెంత, పిల్లలెందరు, చెప్పమన్నాడు. చివర ఒక ఊహ కూడా చేశాడు: ఇది ఫలానా పల్లె అయి ఉండాలని. ఆ ఊహ తప్పు. తప్పింది ఆరు కిలోమీటర్లే.

ఆ పేరాను ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు. ఎక్కడో, ఎవరో, నాకు ఎన్నటికీ పేరు తెలియని ఒక మంచి పాఠకుడు, మంచి ఉద్దేశంతోనే, పటం ముందు పెట్టుకుని ఆమె ఇంటివైపు నడుస్తున్నాడు. నేను వేసిన దారి మీదే నడుస్తున్నాడు. ఇంకా నాలుగు గుర్తులు ఇవ్వమని నన్నే అడుగుతున్నాడు.

సవరణకు నవంబరు ఎనిమిది గడువు ఇచ్చారు. మూడు విధాల ప్రయత్నించాను. పట్టిక తీసేసి 'కొన్ని బోట్లలో వితంతువులకు పాక్షిక వాటా ఉంటుంది' అని రాశాను. అది అబద్ధం; కొన్ని బోట్లు కాదు, ఒక్కటే. అరకు బదులు పావు అని రాసి చూశాను. ఒక సాయంత్రమంతా ఆ పావు తెర మీద ఉంది. దాచడం వేరు, మార్చడం వేరు. పరిశోధన అన్న పేరుతో మార్చిన సంఖ్యను పంపే చెయ్యి నాకు లేదు. దానిని తుడిచేశాను. మూడవసారి పట్టికనూ ఆమె మాటనూ రెండింటినీ తీసేసి మిగిలినదాన్ని మొదటి నుంచి చదివాను. మిగిలింది ఇతరులు రాసిన పుస్తకాల గురించి నేను రాసిన పేరాలు. పత్రికకు ఒక విన్నపం రాశాను: సాక్ష్యం చూపలేని కారణాలున్నాయి, సాక్ష్యం లేకుండా వ్యాసం తీసుకోగలరా అని. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఇబ్బంది అర్థమైందని, కానీ ఆధారం లేని వాదనను అచ్చు వేయలేమని, నిర్ణయం నాదేనని. అందులో కోపగించుకోవడానికి ఏమీ లేదు. వారి స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

నవంబరు మూడు, సోమవారం. అప్పటికి వారం రోజులుగా సముద్రం మీదికి పోవద్దని హెచ్చరికలున్నాయి. ఏ బోటూ దిగలేదు కాబట్టి ఆ వారం పల్లెలో ఎవరికీ వాటా లేదు, ఆమెకూ లేదు. బయట వాన పడుతుండగా ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు మెయిల్ పంపాను. కారణం అడిగినచోట 'సమాచారం ఇచ్చిన వ్యక్తి క్షేమం' అని రాశాను. సమీక్షకుల దగ్గర ఉన్న ప్రతులను తొలగించమని కోరాను. కోరుతామని వారు రాశారు. తొలగించారని రాయలేదు.

ఇక ఎదుటి బల్ల మిగిలింది. ఉపసంహరించుకున్నానంటే, ఎందుకని అడుగుతాడు. కామర్స్ చదివినవాడు, లాభం వదులుకున్న మనిషిని అనుమానిస్తాడు. మరునాడు మధ్యాహ్నం, అతను డబ్బా తెరిచాక, నేనే మొదలుపెట్టాను.

"మన పేపరు తిరిగొచ్చింది."

"అయ్యో, ఏందక్కా, ఎందుకంట?"

"పనికిరాదన్నారు. పట్టికలో విషయం లేదన్నారు."

"ఎనిమిదిన్నర వాటాల్లో విషయం లేదా? వాళ్ళు ఎప్పుడన్నా సముద్రం చూసినారా?" అన్నాడు. నా మీద జాలితో తన డబ్బాలోని గారె ఒకటి నా మూతలో పెట్టాడు. "కూడిక మాత్రం నేను చూసిందే గదక్కా. దాంట్లో తప్పు లేదే?"

"లేదు."

"మా వాడికి చెప్పాల. పాపం, ఎదురు చూస్తుండాడు."

చెప్పు అన్నాను. గారె తిన్నాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నా పని పనికిరాదని నా నోటితో నేను చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆ మాట అంతకు ముందు మాట వెళ్ళిన దారినే, ఐసు బండి మీద, అంతే వేగంతో వెళ్ళాలని కోరుకున్నాను.

డిసెంబరు ఆరు, శనివారం వెళ్ళాను. సముద్రం తగ్గింది, బోట్లు దిగుతున్నాయి. ఆమె గుమ్మంలో కూర్చుని పీతలు వేరుచేస్తోంది. ఈసారి పీట తెచ్చింది.

"నీ పేపరు ఎత్తిపోయిందంట గదా మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"బోటాయనే. ఇంత చదువు చదివి, మన అర వాటా లెక్క కూడా సరిగ్గా రాయలేకపాయ అని కడుపు పట్టుకోని నవ్వినాడు."

"ఆ నవ్వా అక్కా, మనసులో పెట్టుకునే నవ్వు?"

"కాదులే. ఇది మామూలు నవ్వే. రేవంతా నవ్వినారు." పీత కాలు విరిచి పక్కన వేసింది. "నాకు మటుకు నవ్వు రాలా" అంది.

ఆ తర్వాత అరగంట కూర్చున్నాను. వాన గురించీ, పీతల ధర గురించీ చెప్పింది. బోటు గురించి గానీ, కూటం గురించి గానీ చెప్పలేదు. ఏదైనా చెప్పబోయే ముందు నా చేతుల వంక చూసింది. చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్నాను. అయినా చూసింది.

ఈ పుటలు రాసేముందు మళ్ళీ ఒకసారి వెళ్ళాను. ఇక్కడ రాసిన వాటాల సంఖ్య, ఆచారం, ఆమె చేసిన పని, ఆమె అన్న ఆ మాట, ఐసు బండి, నేను ఎక్కిన బస్సు, అన్నీ మార్చినవే. ఇది పరిశోధన కాదు కాబట్టి మార్చగలిగాను. మార్చినదంతా ఆమెకు చదివి వినిపించాను. "ఎవురో మేడమ్ ఈమె, పాపం" అంది. అలా అన్నాకే పంపుతున్నాను. తేదీలు మాత్రం మార్చలేదు. అవి నావి.

పోయినవి: ఒక వ్యాసం. అందులో ఒక పట్టిక, రెండు వాక్యాలు. మూడేళ్ళ సెలవులు. ఈ ఏటి పదోన్నతి దరఖాస్తు. ఆమె నా చేతుల వంక చూడకుండా మాట్లాడిన కాలం.

ఉన్నవి: అర వాటా, డిసెంబరు ఆరు నాటికి. ఆమె ఇంటి ముందు పీట. ఎదుటి బల్ల స్నేహం.

తేలనివి: రెండు ప్రతులు. ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు.